మోకాలి మీద చెంప ఆనించిన ఆమె: ఏడుపా, అలకా? పటం కట్టేముందు అడుగుతున్న

పటాల దుకాణం, హన్మకొండ

అన్నలకు అక్కలకు నమస్తే. హన్మకొండల మాది పటాలు కట్టే దుకాణం. నాయిన పెట్టిండు, ఇప్పుడు నేను నడిపిస్తున్న. మా దగ్గరికి ఎక్కువ వచ్చేటియి భద్రకాళమ్మ, వేంకటేశ్వరస్వామి పటాలు, పెండ్లి ఫొటోలు, పోయినోళ్ల ఫొటోలు, రిటైరైనోళ్ల సన్మాన పత్రాలు. వీటికి ఆలోచన పనిలేదు. దేవునికి బంగారు రంగు బీడింగు (పటం చుట్టు వచ్చే కట్టె), పోయినోళ్లకు నల్లది, సన్మాన పత్రానికి సన్నది. చెయ్యి దానంతట అదే పోతది.

మొన్న ఒక లెక్చరర్ మేడం ఒక బొమ్మ పట్టుకొచ్చింది. వాళ్ల తమ్ముడు ప్రాగ్‌ల నౌకరి చేస్తడట, అక్కడి మ్యూజియంల కొన్న ప్రింటు. గీసినాయన పేరు ఎగోన్ షీలె, ఆస్ట్రియా దేశపాయన, 1917ల గీసిండు. ఒకామె కింద కూసున్నది. ఒక మోకాలు పైకి లేపి దాని మీద చెంప ఆనించింది. ఎర్రటి జుట్టు, దువ్వినట్టు లేదు. ఆకుపచ్చ జాకెట్టు. కింద లోపలేసుకునే తెల్ల లాగు, నల్ల మేజోళ్లు. చూపు మాత్రం సీదా మన మొఖం మీదనే. కూసున్నది గని దేనిమీద కూసున్నదో లేదు. కుర్చీ లేదు, చాప లేదు, గోడ లేదు. ఉత్త కాగితం.

మేడంతోని వాళ్ల అత్తమ్మ కూడ వచ్చింది. బొమ్మ చూడంగనే, "ఏడుస్తున్న ఆడిదాన్ని ఇంట్ల ఏలాడగడ్తరా? లక్ష్మి నిలుస్తదా?" అన్నది. "ఏడుస్తలేదు అత్తమ్మా, ఆలోచన చేస్తున్నది" అని మేడం. ఇద్దరు నా దిక్కు చూసిన్రు. నేను ఫెవికాల్ డబ్బా మూత సదురుకుంట కూసున్న.

నాకు పని పరంగ తెలవాల్సిన ముచ్చట ఏందంటే, బాధ బొమ్మ అయితే నల్ల మౌంటు (బొమ్మకు, బీడింగుకు నడుమ వచ్చే అట్ట) పెడ్త, శాంతంగ ఉన్నదైతే క్రీమ్ పెడ్త. ఇది ఏదో నాకు సమజ్ అయితలేదు. పొద్దున చూస్తే ఒక తీరు, షట్టరు దించేటప్పుడు చూస్తే ఇంకో తీరు కనబడ్తది. చుట్టూ ఖాళీ కూడ మస్తున్నది. మా పనిల ఖాళీ ఉంటే దగ్గరికి కోసుడే అలవాటు, బొమ్మ పెద్దగ కనబడ్తది, బీడింగు తక్కువ పడ్తది. కోయాల్నా వద్దా? మల్ల ఆకుపచ్చకు, ఎర్ర జుట్టుకు, ముడుసుకున్న కాలుకు ఏమన్న అర్థాలు ఉంటయా? తెలిసినోళ్లు జర చెప్పున్రి.

వాస్తు మిత్ర, కరీంనగర్

ఇందులో అనుమానమేముంది? ఆకుపచ్చ ఈర్ష్యకు గుర్తు. ఎర్ర జుట్టు కోరికకు. కాళ్లు ముడుచుకోవడం అంటే భయం, అభద్రత. నల్ల మేజోళ్లు చావుకు సంకేతం. ఎందుకంటే గీసిన మరుసటి ఏడాదే ఆ చిత్రకారుడు చనిపోయాడు, నెట్‌లో చూశాను. మొత్తం మీద ప్రతికూల శక్తి ఉన్న బొమ్మ. పడకగదిలో అస్సలు వద్దు, నైరుతి గోడకు అసలే వద్దు. పెద్దావిడ చెప్పింది వినమనండి.

రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్

పటాల తమ్మీ, కత్తెర పక్కకు పెట్టినవు, మంచి పని చేసినవు. కోయకు. ఎందుకో చివరికి చెప్త.

ముందు వాస్తు మిత్ర గారి పట్టిక సంగతి. రంగుకు ఒక అర్థం, చేతికి ఒక అర్థం అని రాసుకునే పద్ధతి ఉన్నది, కాదనను. అయితే అది గీసేటోడు, చూసేటోడు ముందే ఒప్పుకున్న చోటనే చెల్లుతది. చేర్యాల నకాశీ పటం చూడున్రి, కథ చెప్పేటందుకు బట్ట మీద గీసేది. ఎర్రటి నేల మీద బొమ్మలుంటయి. ఒళ్లు నీలం రంగుంటే ఆయన ఎవరో కథ చెప్పేటాయన వివరించే పనిలేదు, ముందర కూసున్న ముసలవ్వకు కూడ తెలుసు. ఇక్కడి పాలంపేటల, 1213ల కట్టిన రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడోళ్ల శిల్పాలు, నడుము వంచి నిలవడ్డరు. ఆ వంపుకు ఒక శాస్త్రమున్నది, చెక్కినోళ్లు దాన్ని నేర్చుకొనే చెక్కిన్రు.

షీలె అట్లాంటి ఒప్పందం నుంచి బయటపడ్డ మనిషి. పదహారేండ్లకే, 1906ల, వియన్నా కళా అకాడమీల సీటొచ్చింది. అక్కడి పాత పద్ధతి పడక 1909ల బయటికొచ్చి, తనలాంటోళ్లతో జట్టు కట్టిండు. ఆకుపచ్చ పెడితే ఫలానా భావమని ఆయనకు, చూసేటోళ్లకు నడుమ ఏ మాటా లేదు. ఇగ మన దగ్గర ఆకుపచ్చ గాజులు పెండ్లికి, సీమంతానికి ఏసుకుంటం. ఆ రంగుకు ఈర్ష్యను ఎవరు అంటగట్టిన్రో వాళ్లే జవాబు చెప్పాలె.

మరి ఎట్ల చూడాలె? నేను బడిల పిల్లలకు చెప్పిన ఉపాయమే నీకు చెప్త. ఆమె ఎట్ల కూసున్నదో అట్ల నువ్వు కూసో. దుకాణంల సిగ్గనిపిస్తే ఇంట్ల చెయ్. నేల మీద కూసొని, ఒక మోకాలు లేపి, దాని మీద నుదురు పెట్టు. మొఖం దాగిపోతది, చీకటైతది, ఊపిరి నీకే తగుల్తది. ఏడ్చేటోళ్లు అట్ల కూసుంటరు. ఇప్పుడు నుదురు తీసి చెంప పెట్టు. మెడ ఒక పక్కకు వాలుతది, బరువంత మోకాలు మీదికి పోతది, కండ్లు మాత్రం తెరుసుకొని బయటికి చూస్తయి. షీలె ఈ రెండోది గీసిండు. దాసుకోవాలనుకునే మనిషి మొఖాన్ని ఇటు తిప్పదు. అత్తమ్మకు ఏడుపు లెక్క కనబడ్డది ముడుసుకున్న కాలు. ఆ కాలు మీద ఉన్న మొఖాన్ని ఇంకోసారి చూడమను.

నా నౌకరి చాన ఏండ్లు కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు నడిచింది. అక్కడ ఏ వాకిట్ల చూసినా బీడీలు చేసే ఆడోళ్లే. పొద్దటి నుంచి తునికాకు కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, దారం కట్టి, ఒకసారి చాట పక్కకు జరుపుతరు. జరిపి మోకాలు మీద చెంప పెడ్తరు. మనం వాకిట్లకు పోయినా లేవరు. చూస్తరు, అంతే. పలకరిస్తే జవాబిస్తరు, తల మాత్రం లేపరు. ఆ చూపుల బాధ ఉన్నదా అంటే ఉండొచ్చు, కోపమున్నదా అంటే అదీ ఉండొచ్చు. "నువ్వొచ్చినవని నేను సర్దుకొని కూసోను" అనేది మాత్రం తప్పకుంట ఉంటది. ఈ బొమ్మల నాకు కనబడేది అదే. ఎవరో చూస్తున్నరని ఆమెకు తెలుసు. తెలిసి కూడ పైట సర్దుకోదు, నవ్వదు.

ఇగ రంగు. షీలె ముందు నల్ల చాక్‌తోని గీత గీసేటోడు. రబ్బరు ముట్టకపోయేటోడు, తప్పు పడితే ఆ కాగితం పక్కకు, ఇంకోటి మొదలు. రంగులు తర్వాత, కూసున్న మనిషి లేచి పోయినంక, మనసుల యాదికున్న దాన్ని బట్టి ఏసేటోడని ఆయన పని కండ్లార చూసినోళ్లు రాసిన్రు. అంటే ఆ ఆకుపచ్చను ఆమె నిజంగ ఏసుకున్నదో లేదో మనకు పనిలేదు, కావాలని పెట్టిండు. ఎందుకో తెలవాల్నంటే నీ బొటనవేలుతోని ఆమె జుట్టును మూసి చూడు. జాకెట్టు చప్పబడ్తది. వేలు తియ్యి, మల్ల లేస్తది. ఎరుపు, ఆకుపచ్చ ఎదురుబొదురు రంగులు, ఒకదాన్నొకటి రెచ్చగొడ్తయి. ఒళ్లేమో వాలిపోయి ఉన్నది, రంగులేమో కొట్లాడుతున్నయి. నీకు పొద్దునొక తీరు, మాపటికొక తీరు కనబడేది దీనివల్లనే అనుకుంటున్న. మాపటికి వెలుగు తగ్గితే రంగు పోరు సల్లబడి, వాలిన ఒళ్లే కనబడ్తది.

ఆఖరుకు ఖాళీ. చాప, కుర్చీ గీయరాక వదిలేసిండనుకోకు. ఆయన ఇంకో చిత్రం కూడ చేసేటోడు. మనిషిని పండుకోబెట్టి గీసి, కాగితాన్ని నిలువుగ తిప్పి సంతకం పెట్టేటోడు. అప్పుడా మనిషి గాలిల నిలవడ్డట్టు, పడబోతున్నట్టు కనబడ్తది. అందుకే ఆయన బొమ్మ ఏది కట్టినా ముందు సంతకం వెతుకు. పేరు, సంవత్సరం కలిపి ఒక గడిల రాస్తడు. అది సీదా ఉంటేనే బొమ్మ సీదా. నీ దగ్గరున్న ఆమె కింద నేలను తీసేసిండు కాబట్టే ఆమె బరువు మనకు ఇంత తెలుస్తున్నది. ఆ ఖాళీని కోసి బీడింగును మీదికి తెస్తే ఆమె డబ్బాల కూసున్నట్టయితది. అప్పుడు అత్తమ్మ మాట నిజమైతది.

క్రీమ్ మౌంటు పెట్టు. కాగితం రంగుకు దగ్గరగ ఉండేది చూసుకో, మల్లెపూవు తెలుపు పెడితే కాగితం మురికిగ కనబడ్తది.

ఎర్రమట్టి, హుస్నాబాద్

టీచరమ్మ చెప్పిన తీరు బాగుంది, కానీ కాలాన్ని పూర్తిగా పక్కకు నెట్టేశారు. 1917 అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాలుగో ఏడు. వియన్నాలో రొట్టెకు క్యూలు, బొగ్గు లేదు. అటువంటి నగరంలో ఒక స్త్రీ నేల మీద ముడుచుకొని కూర్చుంటే అది ఒట్టి భంగిమ ఎట్లా అవుతుంది? మన దగ్గర 1943 బెంగాల్ కరువులో చిత్రకారులు చిత్తప్రసాద్, జైనుల్ ఆబెదిన్ గీసిన మనుషులను చూడండి. ఆ ఎముకలు, ఆ ముడుచుకోవడం చరిత్ర నుంచి వచ్చినవే. షీలె గీసిన ఒళ్లు కూడా ఎముకలు తేలినవే కదా. ఆకలిని, యుద్ధాన్ని వదిలేసి మెడ కండరాల గురించి మాట్లాడితే బొమ్మలో సగమే చూసినట్టు.

రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్

ఎర్రమట్టి తమ్మీ, కాలాన్ని చూడాలన్నది నిజమే. అయితే తారీకులు పక్కన పెట్టుకొని చూడు, కథ తిరగబడ్తది.

షీలె బొమ్మలల్ల ఎముకలు బాగ తేలింది, వేళ్లు కట్టెపుల్లలైంది, ఒళ్లు మెలి తిరిగింది 1910, 1911ల. అప్పటికి యుద్ధం లేదు, వియన్నా హోటళ్లల్ల సందడే సందడి. యుద్ధమొచ్చినంక, ఆయన సిపాయిగ పోయినంక, గీత సల్లబడ్డది. ఒళ్లు నిండింది, మొఖాలకు పోలికలొచ్చినయి. నీ ముందరున్న 1917 బొమ్మనే చూడు. ఆమె తొడ, భుజం గుండ్రంగ ఉన్నయి, పక్కటెముకలు లెక్కవెట్టేటట్టు లేవు. ఆ ఏడు ఆయనకు నౌకరి కూడ వియన్నాలనే, సైన్యానికి తిండి సరుకులు పంపే డిపోల. లోకం కరువుల ఉంటే ఈయన బొమ్మలల్ల మనుషులు నిండుగైన్రు. ఎందుకు అంటే నా దగ్గర ఒక్కటే జవాబు లేదు. 1915ల పెండ్లైంది, వయసు పెరిగింది, చెయ్యి కుదిరింది. యుద్ధం వల్లనే ముడుసుకున్నది అంటే మాత్రం బొమ్మలే ఒప్పుకోవు.

చిత్తప్రసాద్ తోవ వేరు. ఆయన మిడ్నపూర్ జిల్లాల ఊరూరు తిరిగి, కండ్లముందట పడ్డోళ్లను గీసి, ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది అని రాసిండు. సాక్ష్యం అది. అందుకే తెల్లదొరలు అవి అచ్చయిన పుస్తకం ప్రతులను జప్తు చేసి కాలవెట్టిన్రు. షీలె ఈ కూసున్నామె పేరు కూడ రాయలే. ఆయన భార్య ఎడిత్ అని కొందరు, ఎడిత్ అక్క అడేల్ అని కొందరు. ఆ రెండు రకాల బొమ్మలను ఒకే తూకం రాళ్లతోని తూయవద్దు.

నల్ల మేజోళ్లు చావుకు గుర్తు అన్న మిత్రునికి కూడ ఇక్కడే చెప్త. షీలె 1918 అక్టోబర్ 31న ఇన్‌ఫ్లుయెంజాతోని పోయిండు, ఇరవై ఎనిమిదేండ్లకు. అంతకు మూడు దినాల ముందు ఎడిత్ పోయింది, కడుపుతోని ఉండె. చదివితే కడుపుల దేవినట్టయితది. కానీ 1917ల మేజోళ్లు గీసేటప్పుడు ఆ చేతికి ఇదేం తెలుసు? మనం ఎనకకెళ్లి చూస్తున్నం కాబట్టి ప్రతి నల్ల గీతల చావు కనబడ్తది.

ఇంకొకటి చెప్త, నన్ను చాన ఏండ్లు వదలని బొమ్మ అది. జర్మనీల కేథె కోల్విట్జ్ అని ఒకామె. 1903ల ఒక ఎచింగ్ (రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మ) చేసింది, చచ్చిపోయిన బిడ్డను ఒక తల్లి ఒడిల గట్టిగ పట్టుకున్నది. ఆ తల్లి మొఖం చూస్తే మనిషా, మృగమా అనిపిస్తది. బిడ్డ మెడల మొఖం పెట్టి వాసన చూస్తున్నట్టుంటది. ఆమె కొడుకు పీటర్ యుద్ధంల పోయిండని తెలిసినోళ్లంత, "కొడుకు పోయిన దుఃఖంల గీసింది" అంటరు. పీటర్ పోయింది 1914 అక్టోబర్‌ల, బెల్జియంల, పద్దెనిమిదేండ్లకు. బొమ్మ అంతకు పదకొండేండ్ల ముందటిది. మల్ల ఆ బొమ్మ కోసం ఒడిల పట్టుకున్న పిలగాడు ఎవరనుకున్నరు? అదే పీటర్, ఏడేండ్లోడు, బతికే ఉన్నడు. అద్దం ముందట కొడుకును పట్టుకొని కూసొని తననే చూసుకుంట గీసింది. ఆ దుఃఖం ఊహించుకున్న దుఃఖం. ఊహించింది కాబట్టి తక్కువదని నేననను. జీవితచరిత్ర చేతిల పట్టుకొని బొమ్మ ముందర నిలవడితే ఇట్ల దెబ్బ తింటం అంటున్న.

కోడలుపిల్ల, పెద్దపల్లి

పెద్దోళ్ల చర్చ నడుమ వస్తున్న, ఏమనుకోవద్దు. తమ్మీ, అసలు సంగతి ఎవరూ అంటలేరు. అత్తమ్మకు కనబడ్డది ఏడుపు కాదు, లాగు. ఆ మాట కోడలి ముందర, దుకాణంల అనలేక ఏడుపు మీద పెట్టింది. మా ఇంట్ల అయితే మా అత్తమ్మ కూడ లక్ష్మి మీదనే పెడ్తది. ఆమెను నవ్వుకోవద్దు, ఆ గీసినాయనను 1912ల నోయిలెంగ్‌బాఖ్ అనే ఊర్ల ఇదే కథ మీద జైల్ల పెట్టిన్రు. పిల్లలకు కనబడేటట్టు బట్టలు లేని బొమ్మలు పెట్టిండని. 24 రోజులు లోపలున్నడు, కోర్టుల జడ్జి ఒక బొమ్మను కొవ్వొత్తి మంట మీద కాల్చిండట. వాళ్ల ఊర్లనే అట్ల ఉంటే మన హన్మకొండ అత్తమ్మ లక్ష్మి పేరు చెప్పి ఊకున్నది, నయమే.

మన దగ్గర కూడ ఈ లొల్లి కొత్తది కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్ల పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు ఊరోళ్లను, మేకలను పెన్ను గీతలతోని ఎట్ల గీసిన్రో చూసినోళ్లకు తెలుసు. అందుల ఒంటి కోరికను ఏం దాసిపెట్టలే. ఆ బొమ్మలను మెచ్చుకునేటోళ్లు కూడ హాల్ల పెట్టుకునేటందుకు ఎనకాముందయితరు. అదే చిత్రకారుడు తోట వైకుంఠం గారు గీసిన ఆడోళ్లు అయితే బొట్టు, ముక్కుపుడక, చీర అంచు నిండుగ ఉంటయి కాబట్టి బ్యాంకులల్ల కూడ పెడ్తరు.

నేను చెప్పొచ్చేది ఎత్తు గురించి. టీచరమ్మ చెప్పలే. షీలె బల్లల మీద, నిచ్చెన మీద ఎక్కి పైనుంచి చూసి గీసేటోడని చదివిన. ఈ కూసున్నామెను కూడ కొంచెం పైనుంచే చూస్తున్నట్టుంటది. మనోళ్లేమో పటం అంటే దర్వాజ మీద, తల ఎత్తి మొక్కేటట్టు కొడ్తరు. అట్ల కొడితే ఆమె పైనుంచి మనల్ని ఈసడించినట్టయితది. అప్పుడు ఆ చూపు ఎవ్వరూ భరించరు, అత్తమ్మతో పాటు మేడం కూడ. కండ్ల ఎత్తుకు, వీలైతే ఇంకో జానెడు కిందికి కొట్టమను. మేడం రాసుకునే బల్ల పక్కన, హాల్ల వద్దు. అసలు బొమ్మ కూడ పెద్దదేం కాదు, సుమారు 46 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు. దగ్గర కూసొని చూసే సైజు అది.

రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్

లాగు మాట నిజమే బిడ్డా, నేను టీచరును కదా, మర్యాదకు పోయిన. ఎత్తు సంగతి మస్తు చెప్పినవు. వైకుంఠం గారి మీద మాత్రం ఒక మాట. నిండు బొట్టు ఉన్నదని ఆ మొఖాలల్ల భావం తేలిక అనుకోవద్దు. బూరుగుపల్లిల పుట్టినాయన, మన కరీంనగర్ దిక్కు. చిన్నప్పుడు ఊర్లకొచ్చే నాటకాలల్ల ఆడ వేషం కట్టే మొగోళ్లను చూసిన యాది ఆ బొమ్మలల్ల ఉన్నదని ఆయనే చెప్పిండు. ఆ నిండు అలంకారం ఎనక ఒక వేషం కూడ ఉన్నది. ఇది ఇంకో దినం మాట్లాడుకుందాం, దానికి వేరే ప్రశ్న పెట్టున్రి.

వాస్తు మిత్ర, కరీంనగర్

సరే, ఆకుపచ్చ మీద పట్టుబట్టను. నైరుతి మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పటాల దుకాణం, హన్మకొండ

అందరికి దండాలు. రాత్రి ఇంట్ల టీచరమ్మ చెప్పినట్టు కూసున్న. మా ఇంటామె, "నడుం పట్టిందా?" అని అడిగింది. నుదురు పెట్టి చూసిన, చెంప పెట్టి చూసిన. ఫరకు తెలిసింది. జుట్టు మీద బొటనవేలు పెట్టుడు దుకాణంల పనిచేసే పిలగానికి కూడ నేర్పిన, వాడు ఇప్పుడు వచ్చిన ప్రతి కేలండరు మీద వేలు పెట్టి చూస్తున్నడు.

మేడం, అత్తమ్మ మల్ల వచ్చిన్రు. మౌంటు ముక్కలు నాలుగు బొమ్మ చుట్టు పేర్చి చూపిచ్చిన. నల్లది పెట్టంగనే మేడం వద్దన్నది. క్రీమ్ పెట్టి, మూడు దిక్కుల కంటే కింద దిక్కు జర ఎక్కువ ఇడిసిన. అప్పుడు అత్తమ్మ అద్దాలు పెట్టుకొని బొమ్మను దగ్గరికి పట్టుకొని చాన సేపు చూసింది. చూసి అన్నది కదా, "ఇది ఏడుస్తలేదు. దీనికెవరో పని చెప్పిన్రు. 'నేను లేవ' అంటున్నది." మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. అత్తమ్మ మాత్రం నవ్వలే. "హాల్ల వద్దు, నీ అర్రల పెట్టుకో" అన్నది. లక్ష్మి ముచ్చట మల్ల రాలే.

టీచరమ్మా, మీరు బీడీల చాట దగ్గర చెప్పిన మాట, అత్తమ్మ చెప్పిన మాట నాకు ఒక్క దిక్కే పోయినట్టు అనిపించినయి. ఆమె మీ పోస్టు చదవలే, ఒట్టు.

ఇగ పని మాట. బీడింగు సన్నటి టేకు రంగుది తీసిన, మెరుపు లేనిది. అద్దం కాడ ఆగిన. మేడం అర్రల కిటికీ ఎదురుంగ గోడట, ఎండ తళుక్కుమంటదని గరుకు అద్దం ఏయమంటున్నది, అదే మెరుపు కొట్టని రకం. ఏద్దామా? ప్రింటును అట్టకు పూర్తిగ అంటించాల్నా, మీద టేపు ఏస్తే చాలునా?

రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్

గరుకు అద్దం వద్దు. మౌంటు వల్ల బొమ్మకు, అద్దానికి నడుమ సందు పడ్తది, ఆ సందుతోని గరుకు అద్దం ఏస్తే చాక్ గీత పొగమంచుల పడ్డట్టయితది. ఆ బొమ్మల గీతనే పోతే ఇంకేమున్నది? సాదా అద్దమే ఏసి, పటాన్ని కిటికీ ఎదురు గోడకు కాకుంట పక్క గోడకు కొట్టమను. రంగులు కూడ ఎండకు ఎలిసిపోవు.

అట్టకు మొత్తం అంటించకు. వానకాలం వస్తే బుడగలు లేస్తయి, మల్ల తీయరాదు. సెల్లోటేపు అసలే వద్దు, కొన్నేండ్లకు పసుపు మరక కాగితం ముందు దిక్కుకు కూడ వస్తది. పైన రెండు మూలల ఎనక సన్నటి కాగితం పట్టీలు పెట్టి, మైదపిండి ఉడకబెట్టిన జిగురుతోని అంటించు, కింది దిక్కు వదులుగ ఏలాడనియ్యి. జిగురుల ఇంత మైలుతుత్తం కలుపుతరు పురుగు పట్టొద్దని, మన పాత పుస్తకాల బైండింగోళ్ల లెక్క. నువ్వు కలపకు, మరక పడ్తది. తాజాగ ఉడకబెట్టుకో, సరిపోతది.

కోడలుపిల్ల, పెద్దపల్లి

మేకు ఎత్తు మరువకు తమ్మీ. కొట్టేటందుకు నువ్వే పో, లేకుంటే వాళ్లింట్ల ఎవరో ఒకరు దర్వాజ మీద కొడ్తరు.

పటాల దుకాణం, హన్మకొండ

నేనే పోత అక్కా. డ్రిల్లు మిషిను చార్జి మేడంకు ముందే చెప్పిన.